గేమ్ కన్సోళ్ల రివిజన్లు, నిల్వ పెంపు: వ్యాపార లెక్కలు

టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ యంత్రాన్ని కన్సోల్ అంటారు. ఒక కన్సోల్ మార్కెట్లోకి వచ్చాక ఆరేడేళ్లు, ఒక్కోసారి పన్నెండు పదమూడేళ్లు అమ్ముడవుతుంది. అంతకాలమూ దాని అసలు పేరు సాధారణంగా మారదు. మొదటి ఏడాది కొన్న గేము చివరి ఏడాది కొన్న యంత్రంలోనూ ఆడాలి. లోపలి బోర్డు, చిప్పులు, ఫ్యాను, పవర్ సప్లై, నిల్వ మాత్రం ఏడాదికో రెండేళ్లకో మారుతూనే ఉంటాయి. వీటినే హార్డ్‌వేర్ రివిజన్లు అంటారు. కొన్ని కంటికి కనిపిస్తాయి: పెట్టె సన్నబడి పేరు చివర ‘స్లిమ్’ చేరుతుంది. ఎక్కువ భాగం కనిపించవు. పెట్టె అడుగున స్టిక్కరు మీద మోడల్ నంబరులో ఒక అంకె మారుతుంది, అంతే.

దుకాణంలో ఇది కొత్త సరుకు. కంపెనీ లెక్కల పుస్తకంలో మాత్రం రివిజన్ అంటే ముందు ఖర్చు తగ్గించే పని, కొత్తదనం ఆ తర్వాతి మాట. ఇది పట్టుకుంటే కన్సోళ్ల చరిత్రలో వింతగా తోచే నిర్ణయాలు చాలావరకు విడిపోతాయి. ఉన్న పోర్టులు ఎందుకు మాయమవుతాయి, లాప్‌టాప్‌లో ఉండే మామూలు హార్డ్‌డిస్కును ప్రత్యేకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అంత ధరకు ఎందుకు అమ్మారు, తొమ్మిదేళ్ల పాత యంత్రం కోసం హైదరాబాద్‌లో కొత్త గేములు ఎందుకు తయారయ్యాయి అన్న ప్రశ్నలన్నిటికీ మూలం అక్కడే ఉంది.

నష్టంతో మొదలయ్యే వ్యాపారం

2006 నవంబరులో ప్లేస్టేషన్ 3 అమెరికాలో విడుదలైనప్పుడు 60 జీబీ మోడల్ ధర 599 డాలర్లు. దాన్ని విప్పి ఒక్కో భాగానికి వెల కట్టిన ఐసప్లై అనే పరిశోధన సంస్థ, తయారీకే 840 డాలర్ల దాకా అవుతోందని అంచనా వేసింది. అంటే పెట్టె ఒక్కింటికి 240 డాలర్లు సోనీ చేతి నుంచి పడుతున్నట్టు. రవాణా, ప్రకటనలు, దుకాణదారు కమీషను ఇంకా దీనికి అదనం. యంత్రం ఇంట్లోకి చేరితే చాలు, ఆ తర్వాత దాని కోసం అమ్ముడయ్యే ప్రతి గేములోనూ కంపెనీకి వాటా వస్తుంది కాబట్టే ఈ నష్టాన్ని ఓర్చుకుంటారు. ఇప్పటి ఆన్‌లైన్ స్టోర్లలో ఆ వాటా మామూలుగా 30 శాతం.

అయితే నష్టాన్ని ఏళ్ల తరబడి మోయలేరు. పైగా ధర కూడా దిగుతూ పోవాలి. మొదటి ఏడాది కొనేది వీరాభిమానులు. అయిదో ఏడాది కొనాల్సింది పిల్లలున్న మధ్యతరగతి ఇళ్లు. కాబట్టి అమ్మే ధర కన్నా తయారీ ఖర్చు వేగంగా పడాలి. అందుకు పెద్ద ఆసరా చిప్పు. అదే డిజైన్‌ను మరింత సన్నని ప్రక్రియలో ముద్రిస్తే ఒకే సిలికాన్ పలక మీద ఎక్కువ చిప్పులు దిగుతాయి, ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. చిన్న చిప్పు తక్కువ కరెంటు తాగుతుంది, తక్కువ వేడెక్కుతుంది. వేడి తగ్గితే దాని మీది రాగి, అల్యూమినియం దిమ్మె చిన్నదవుతుంది, ఫ్యాను చిన్నదవుతుంది, పవర్ సప్లై చిన్నదవుతుంది. అప్పుడు పెట్టె చిన్నదవుతుంది, ఓడలో ఒక కంటైనర్‌కు ఎక్కువ పెట్టెలు పడతాయి. ‘స్లిమ్’ అనే మాట వెనుక ఉన్నది ఈ గొలుసే. చూడ్డానికి బాగుంటుందన్నది కూడా నిజమేగానీ, ఒక్క అందం కోసమే అయితే ఏ కంపెనీ అన్ని అచ్చులు మార్చదు.

ప్లేస్టేషన్ 3 తయారీ ఖర్చు సుమారు 70 శాతం తగ్గిందని 2009లో సోనీ ఆర్థిక వ్యవహారాల అధిపతి నొబుయుకి ఒనెడా చెప్పారు. ఆ సెప్టెంబరులోనే 120 జీబీ స్లిమ్ మోడల్ 299 డాలర్లకు వచ్చింది. మూడేళ్లలో ధర సగం.

ఈ పద్ధతి సోనీ కనిపెట్టింది కాదు. 1977లో 199 డాలర్లకు వచ్చిన అటారీ వీసీఎస్ మొదటి మోడల్ మందపాటి ప్లాస్టిక్‌తో బరువుగా ఉండేది. మరుసటి ఏడాదే తేలికైంది, 1980లో ముందువైపు ఆరు స్విచ్‌లు నాలుగయ్యాయి, 1982లో పేరు అటారీ 2600గా మారింది. 1986లో వచ్చిన చిన్న ‘జూనియర్’ మోడల్‌ను 50 డాలర్ల లోపే అమ్మారు. పాత గేములన్నీ దానిలోనూ ఆడాయి.

చిప్పు ఎవరి చేతిలో ఉంటే ఖర్చు వారి చేతిలో

2001 నవంబరులో మైక్రోసాఫ్ట్ తొలి ఎక్స్‌బాక్స్ 299 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. అందులో ఇంటెల్ ప్రాసెసర్, ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్పు, వాటితోపాటు ప్రతి యంత్రంలోనూ 8 జీబీ హార్డ్‌డిస్కు. కాగితం మీద పోటీదారుల కన్నా బలమైన యంత్రం. లెక్కల్లో మాత్రం రెండు ఉచ్చులున్నాయి.

మొదటిది, ఆ చిప్పుల డిజైన్ మైక్రోసాఫ్ట్‌ది కాదు. కొని తెచ్చుకోవాలి. సన్నని ప్రక్రియకు మార్చడం, రెండు చిప్పులను ఒకటిగా కలపడం ఆ సంస్థ చేతిలో లేని పనులు. ధర తగ్గించమని అడగడమే మిగిలింది. 2002లో ఎన్‌విడియాతో ధర వివాదం మధ్యవర్తుల దాకా వెళ్లి, 2003 ఫిబ్రవరిలో గానీ తెగలేదు. రెండోది హార్డ్‌డిస్కు. చిప్పు ధర ఏడాదికేడాది కరుగుతుంది. హార్డ్‌డిస్కులో మోటారు, తిరిగే పళ్లెం, చదివే ముల్లు, పోత పోసిన లోహపు గుల్ల ఉంటాయి. సామర్థ్యం ఎంత తగ్గించినా ఆ సామాను ఖర్చు ఒక మట్టం కిందికి దిగదు. కాలం గడిచేకొద్దీ అదే ధరకు పెద్ద డిస్కు వస్తుందే తప్ప, పాత చిన్న డిస్కు చవగ్గా రాదు.

ఈ పాఠం తర్వాతి యంత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360కి ఐబీఎం, ఏటీఐల డిజైన్లను మైక్రోసాఫ్ట్ లైసెన్సు తీసుకుని, తయారీని తన అదుపులో ఉంచుకుంది. హార్డ్‌డిస్కును తొలగించదగ్గ భాగంగా మార్చింది: డిస్కు లేని ‘కోర్’ 299 డాలర్లు, 20 జీబీతో ఉన్నది 399. 2010 నాటి ‘ఎస్’ మోడల్‌లో ప్రధాన ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్పు రెండూ ఒక్కటయ్యాయి. మధ్యలో దెబ్బ కూడా తగిలింది. వేడికి తట్టుకోలేక ముందువైపు ఎర్ర లైట్లు వెలిగి చచ్చిపోతున్న యంత్రాల కోసం 2007 జులైలో వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పద్దులో రాసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన రివిజన్ల పని ఖర్చు తగ్గించడం ఒక్కటే కాదు, పోయిన పరువు నిలబెట్టడం కూడా.

ప్లేస్టేషన్ 2, హైదరాబాద్

రివిజన్ల వ్యూహం పూర్తిగా పండిన యంత్రం ప్లేస్టేషన్ 2. తెలుగువాళ్లకు దీనితో నేరుగా సంబంధం కూడా ఉంది.

2000 మార్చి 4న జపాన్‌లో విడుదలైన ఈ యంత్రంలో ఎమోషన్ ఇంజిన్ అనే ప్రాసెసర్, గ్రాఫిక్స్ సింథసైజర్ అనే చిత్రాల చిప్పు ఉండేవి. రెండూ కలిపి 500 చదరపు మిల్లీమీటర్లకు పైగా సిలికాన్. డిజైన్‌లో, తయారీలో సోనీకి పట్టున్న చిప్పులు కావడంతో 90 నానోమీటర్ల ప్రక్రియకు వచ్చేసరికి రెంటినీ ఒకే చిప్పుగా కలిపేశారు. దాని వైశాల్యం 86 చదరపు మిల్లీమీటర్లు. 2004లో వచ్చిన ఎస్‌సీపీహెచ్-70000 మోడల్ మందం 2.8 సెంటీమీటర్లు, అంతకు ముందటిది 7.8. డిస్కు ట్రేని బయటికి తోసే మోటారు పోయింది, దాని స్థానంలో వేలితో ఎత్తే మూత వచ్చింది. పవర్ సప్లై పెట్టెలోంచి బయటికి వచ్చి, తీగ మధ్య ఇటుకలా వేలాడింది. 2007 నాటి 90000 శ్రేణిలో మళ్లీ లోపలికి చేరింది. 2004 మోడల్‌లోనే వెనకవైపు హార్డ్‌డిస్కు పెట్టుకునే అర తీసేశారు. అమెరికాలో ఆ ఏడాదే 40 జీబీ డిస్కు కొనుక్కున్నవాళ్లకు అది చేదు కబురు. నెట్‌వర్క్ పోర్టు మాత్రం బోర్డులోనే కలిసిపోయింది.

అమెరికాలో దాని ధర 2000లో 299 డాలర్లు, 2002లో 199, 2004లో 149, 2006లో 129, 2009 ఏప్రిల్ 1 నుంచి 99. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి రెండున్నరేళ్లు. పాత యంత్రాన్ని చంపకుండా ఇంకా సన్నబరచడంలో ఒక ఉద్దేశం ఉంది: ప్లేస్టేషన్ 3 కొనలేని దేశాల్లో అదే ముఖద్వారం. మన దేశంలో 2007 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 3ని 39,990 రూపాయలకు విడుదల చేశారు. అంతకు ఏడు నెలల ముందు, 2006 సెప్టెంబరులో, అక్షయ్ కుమార్, యువరాజ్ సింగ్ ప్రచారంతో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 ధర 19,990తో మొదలైంది. ఈ రెంటి పక్కన ప్లేస్టేషన్ 2 చవక. ఇంటర్నెట్ అక్కర్లేదు. మామూలు టీవీ చాలు. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవడానికి 8 ఎంబీ మెమరీ కార్డు ఒక్కటి ఉంటే సరిపోయేది.

2009లో హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్ తయారుచేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ను ప్లేస్టేషన్ 2 కోసం సోనీ యూరప్ విభాగం విడుదల చేసింది. పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ గేముగా దాన్ని చెబుతారు. దేవుణ్ణి ఆటబొమ్మ చేశారంటూ అమెరికాలో స్థిరపడ్డ హిందూ నాయకుడు రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పడంతో విదేశీ పత్రికల్లోనూ వార్తయింది. ఆటగా సమీక్షకులు దాన్ని మెచ్చలేదు. ఆ ఏడాదే హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర తయారుచేసిన ‘దేశీ అడ్డా’ వచ్చింది. కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాల పోటీ వంటి మన ఆటలు అందులో ఉన్నాయి. షారుక్ ఖాన్ సినిమా ఆధారంగా అదే సంస్థ చేసిన ‘డాన్ 2’ గేము 2013 తొలినాళ్లలో ప్లేస్టేషన్ 2 మీదికి వచ్చింది. 2012 డిసెంబరు చివర జపాన్‌లో సరఫరా ఆపి, 2013 జనవరికల్లా సోనీ ఆ యంత్రం ఉత్పత్తినే ప్రపంచమంతటా నిలిపేసింది. అంటే యంత్రం ఉత్పత్తి ఆగిపోయాక మన ఊరి గేము బయటికొచ్చిందన్నమాట.

ఈ గేముల నాణ్యత గురించి నవ్వుకున్నవాళ్లున్నారు, తప్పులేదు. కానీ వ్యాపారపు కోణంలో చూస్తే అవి రివిజన్ల పంటే. పదమూడేళ్లు అదే యంత్రం, అవే ఉపకరణాలు ఉండటం వల్ల కొత్త స్టూడియో నేర్చుకోవడానికి వీలైంది. అప్పటికి కోట్లలో అమ్ముడైన యంత్రం కాబట్టి చిన్న బడ్జెట్ గేముకూ చోటు దొరికింది. మొత్తం 15.5 కోట్లకు పైగా అమ్ముడైన ప్లేస్టేషన్ 2 మొదటి నాటి రూపంలో, మొదటి నాటి ఖర్చుతోనే ఉండి ఉంటే 2009లో దాని కోసం ఎవరూ గేము మొదలుపెట్టేవారు కారు.

ఈ యంత్రం ముద్ర హైదరాబాద్ దాటి కూడా పడింది. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లాగా ఉండి ఇప్పుడు కర్ణాటకలో ఉన్న రాయచూరుకు హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు, బెంగళూరు దానికి రెట్టింపు. తెలుగు విస్తృతంగా వినిపించే ఈ జిల్లాలో గానీ, తుంగభద్ర ఆయకట్టు కింద సింధనూరు చుట్టుపక్కల ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవారి క్యాంపుల్లో గానీ కన్సోల్ అంటే డిస్కు పెట్టి ఆడేది అన్న అర్థం గట్టిపడింది ప్లేస్టేషన్ 2 కాలంలోనే. దాని వెనుక ఇంకో నిజం ఉంది. మన దేశంలో ఈ యంత్రాలెన్నో ‘చిప్పు వేయించినవి’. రాసుకున్న డీవీడీలతో ఆడినవి. కంపెనీలు రివిజన్లు తేవడానికి ఇదొక కారణం: బోర్డు గీత మారినప్పుడల్లా దొంగ చిప్పు అతికించే పద్ధతి మళ్లీ మొదటికొస్తుంది. నింటెండో స్విచ్‌లో 2018లో బయటపడ్డ చిప్పు లోపాన్ని సాఫ్ట్‌వేర్‌తో పూడ్చడం కుదరలేదు. కొత్తగా తయారైన యంత్రాల్లోనే పూడ్చారు.

నిల్వ అనే టోల్‌గేటు

చిప్పు సన్నబడితే లాభం కంపెనీది. నిల్వ చాలకపోతే ఖర్చు మాత్రం ఎవరిదో కంపెనీ తేలుస్తుంది. ఈ ఎంపికలో రెండు దారులున్నాయి: బజారులో దొరికే డిస్కు పెట్టుకోనివ్వడం, తాను అమ్మిందే పెట్టాలనడం.

రెండో దారికి పాత ఉదాహరణ నింటెండో. 1986 ఫిబ్రవరిలో జపాన్‌లో తన ఫామికామ్ కన్సోల్‌కు తగిలించే ఫామికామ్ డిస్క్ సిస్టమ్ తెచ్చింది. అప్పటి తొలి కార్ట్రిజ్‌లలో 40 కేబీ పడితే, ఈ పసుపుపచ్చ డిస్కులో రెండు వైపులా కలిపి 112 కేబీ పట్టేది. ఆట మీద విసుగొస్తే దుకాణంలోని యంత్రం దగ్గర 500 యెన్లిచ్చి అదే డిస్కులో కొత్త ఆట రాయించుకోవచ్చు. కాగితం మీద దీన్ని మించిన ఆలోచన లేదు. కానీ కొన్ని నెలల్లోనే గేముల సంస్థ క్యాప్‌కామ్ 128 కేబీ కార్ట్రిజ్ తెచ్చింది. మెమరీ చిప్పుల ధర పడిపోవడంతో నిల్వ పెంపుకోసం కొన్న పెట్టె తొందరగానే పాతబడింది. విడిగా అమ్మే నిల్వ పరికరాన్ని అందరూ కొనరు; అందరూ కొనకపోతే గేము తయారీదారులు దాన్ని నమ్ముకోరు. ఈ చిక్కు ప్రతి తరంలోనూ మళ్లీ ఎదురవుతూనే ఉంది. డిస్కు లేని ఎక్స్‌బాక్స్ 360 ఒకటి ఉండటం వల్ల హార్డ్‌డిస్కు తప్పనిసరి అనే గేము చేయడానికి అప్పటి తయారీదారులు వెనకాడారు.

ఆ ఎక్స్‌బాక్స్ 360 డిస్కునే దగ్గరగా చూస్తే వ్యూహం మొత్తం కనిపిస్తుంది. యంత్రం పక్కన తగిలించే బూడిదరంగు డబ్బాను విప్పితే లోపల ఉండేది లాప్‌టాప్‌లలో వాడే 2.5 అంగుళాల మామూలు సాటా డిస్కే. తేడా ఒక్కటే: డిస్కు మొదట్లో ఒక చిన్న భాగంలో మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన సమాచారం ఉంటుంది. అది లేని డిస్కును యంత్రం ఒప్పుకోదు. 2007లో 120 జీబీ డబ్బా ధర 179.99 డాలర్లు. 64 ఎంబీ మెమరీ కార్డు 39.99. యంత్రం మీద పోయిన డబ్బును ఇలా రాబట్టుకున్నారు. 2010 ఏప్రిల్‌లో గానీ మామూలు యూఎస్‌బీ స్టిక్కుకు తలుపు తెరవలేదు, అదీ 16 జీబీ పరిమితితో.

అదే కాలంలో సోనీ ప్లేస్టేషన్ 3కి మొదటి దారి ఎంచుకుంది. పక్కన చిన్న మూత, లోపల ఒక నీలం స్క్రూ. అది విప్పి ఇనుప అరను లాగితే డిస్కు బయటికొస్తుంది. బజారులో కొన్న ఏ 2.5 అంగుళాల డిస్కయినా అందులో పెట్టుకోవచ్చు. వారంటీ పోదు. ఇది సోనీ ఉదారత అనుకుంటే పొరపాటు. బ్లూరే డ్రైవు, సెల్ ప్రాసెసర్‌లతో అప్పటికే పోటీదారు కన్నా ఖరీదైన యంత్రాన్ని సమర్థించుకోవడానికి ఇలాంటి సదుపాయాలు కావాలి. ఆ సోనీయే 2011 చివర్లో జపాన్‌లో, 2012లో అమెరికాలో వచ్చిన చేతి యంత్రం వీటాకు సొంత మెమరీ కార్డు తప్పనిసరి చేసింది. 249 డాలర్ల యంత్రానికి 32 జీబీ కార్డు దాదాపు 100 డాలర్లు. దొంగ గేములను అడ్డుకోవడానికని కారణం చెప్పుకోవచ్చు. కొనేవాళ్లు మాత్రం యంత్రం ధరలో ఆ కార్డునూ కలిపి లెక్కేసుకున్నారు. వీటా తేలలేకపోవడానికి ఫోన్లు ముఖ్య కారణమైనా, ఈ కార్డు పాత్ర చిన్నది కాదు.

హార్డ్‌డిస్కు ధరకు కింది మట్టం ఉంటుందన్న సూత్రం 2012లో ప్లేస్టేషన్ 3 చివరి సన్న మోడల్‌తో మరోసారి తేలింది. యూరప్‌లో దాని చవక రకంలో ఉన్నది 12 జీబీ ఫ్లాష్ మాత్రమే. ఆరేళ్ల కిందటి మొదటి మోడల్ కన్నా తక్కువ నిల్వ. కారణం సులువు: తిరిగే డిస్కు ఎంత చిన్నదైనా ఆ కొద్దిపాటి ఫ్లాష్ ధరకు దొరకదు.

ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలతో 2020లో కథ మలుపు తిరిగింది. ఇప్పుడు నిల్వ అంటే దాచుకునే చోటు మాత్రమే కాదు, ఆట నడిచే వేగంలో భాగం. ప్లేస్టేషన్ 5 లోపలి ఎస్ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీ చదువుతుంది. 825 జీబీ అనే వింత అంకె కూడా వేగం కోసం పుట్టిందే: పన్నెండు దారుల్లో ఒకేసారి చదవడానికి పన్నెండు వాటాలుగా ఫ్లాష్ అమర్చారు. అందులో ఆటలకు మిగిలేది 667 జీబీ. కంపెనీ సొంత కార్డు కాకుండా, బజారులో దొరికే ఎం.2 ఎస్ఎస్‌డీకి చోటు పెట్టారు. కానీ ఆ చోటు యంత్రం వచ్చిన దాదాపు పది నెలలకు, 2021 సెప్టెంబరులో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో గానీ పనిచేయలేదు. తెల్లటి పక్కరెక్కను ఒక మూల పట్టి ఎత్తి జరిపితే పొడవాటి అర కనిపిస్తుంది. ఎస్ఎస్‌డీకి వేడి లాగే లోహపు పట్టీ తప్పనిసరి. మైక్రోసాఫ్ట్ మాత్రం పాత అలవాటుకే వెళ్లింది. వెనకవైపు తగిలించే సీగేట్ 1 టీబీ కార్డు ధర మొదట 219.99 డాలర్లు. 2020లో 299.99 డాలర్లకు వచ్చిన సిరీస్ ఎస్‌లో వాడుకోగలిగే నిల్వ 364 జీబీయే. అంటే చవక యంత్రం కొన్నవాడికి మరో ముప్పాతిక యంత్రం ధరకు నిల్వ కొనే అవసరం పడింది. తగిలించడం సులువు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు అన్నది కాదనలేం. 2023లో వెస్ట్రన్ డిజిటల్ కూడా ఆ కార్డులు మొదలుపెట్టాక ధర దిగింది.

నింటెండో స్విచ్‌ది మధ్యే మార్గం: లోపల 32 జీబీ, పైన మామూలు మైక్రోఎస్‌డీ. 2019 రివిజన్‌లో అదే చిప్పును సన్నని ప్రక్రియకు మార్చడంతో బ్యాటరీ రెండున్నర నుంచి ఆరున్నర గంటలు నిలిచేది కాస్తా నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలకు పెరిగింది. ధర మారలేదు. 2021 ఓలెడ్ మోడల్‌లో నిల్వ 64 జీబీ అయింది, ధర 50 డాలర్లు పెరిగింది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 లోపల 256 జీబీ ఉంది, అయితే పైన పెట్టేది మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి. ఇంట్లో ఉన్న పాత కార్డులో దాని గేములు పెట్టుకోలేరు. కొన్ని గేములకు అమ్మే కార్ట్రిజ్‌లో గేమే ఉండదు, డౌన్‌లోడ్‌కు అనుమతి మాత్రమే ఉంటుంది. పెద్ద కార్ట్రిజ్ ఖర్చు ప్రచురణకర్త నుంచి కొన్నవాడి నిల్వ మీదికి, వాడి ఇంటర్నెట్ బిల్లు మీదికి మళ్లింది.

తీసివేతలు

రివిజన్‌లో ఏం పెట్టారన్న దానికన్నా ఏం తీశారన్నది చూస్తే కంపెనీ మనసు బాగా తెలుస్తుంది. ప్లేస్టేషన్ 3 తొలి మోడళ్లలో ప్లేస్టేషన్ 2 గేములు ఆడించడానికి పాత చిప్పులనే బోర్డు మీద పెట్టారు. 2007 చివరి 40 జీబీ మోడల్‌లో అవి లేవు, కార్డు రీడర్లు లేవు, నాలుగు యూఎస్‌బీ పోర్టులు రెండయ్యాయి, ధర 399 డాలర్లకు దిగింది. 2016లో ప్లేస్టేషన్ 4 స్లిమ్ నుంచి ఆప్టికల్ ఆడియో పోర్టు పోయింది. ఎక్స్‌బాక్స్ వన్ నుంచి కినెక్ట్ కెమెరాను విడదీయడంతోనే 2014లో 100 డాలర్లు తగ్గాయి.

అన్నిటికన్నా పెద్ద తీసివేత డిస్కు డ్రైవు. దానివల్ల ఆదా అయ్యేది డ్రైవు ఖర్చు ఒక్కటే కాదు. డ్రైవు లేని యంత్రం ఉన్నవాడు ప్రతి గేమూ కంపెనీ స్టోర్లోనే కొనాలి, ఆడేశాక అమ్ముకోలేడు, స్నేహితుడికి ఇవ్వలేడు. 2023 నవంబరు నుంచి ప్లేస్టేషన్ 5లో డ్రైవు ఊడదీసి పెట్టుకునే భాగమైంది; అప్పట్లో విడిగా కొంటే అమెరికాలో 79.99 డాలర్లు.

ధర దిగని కాలం, మన మార్కెట్

ఇన్నేళ్లు నడిచిన సూత్రం ఈ తరంలో తడబడింది. 499 డాలర్ల ప్లేస్టేషన్ 5 ఇక నష్టానికి అమ్ముడవడం లేదని సోనీ 2021 ఆగస్టులో చెప్పింది. 2022లో చిప్పు 6 నానోమీటర్లకు మారింది. పాత లెక్క ప్రకారం అప్పుడే ధర దిగాలి. దిగకపోగా చాలా దేశాల్లో పెరిగింది. సన్నని ప్రక్రియలో సిలికాన్ పలక ధరే విపరీతంగా పెరగడంతో, చిప్పు చిన్నదైనా దాని ఖర్చు మునుపటిలా పడటం లేదు. 2025 సెప్టెంబరులో యూరప్‌లో అమ్మే డిస్కు డ్రైవు లేని రకంలో నిల్వను 1 టీబీ నుంచి మళ్లీ 825 జీబీకి తగ్గించారు. ధర అదే ఉంచారు.

మన దేశంలో ప్లేస్టేషన్ 5 2021 ఫిబ్రవరి 2న వచ్చింది: డిస్కు రకం 49,990 రూపాయలు, డిజిటల్ 39,990. 2022 నవంబరులో చెరో అయిదు వేలు పెరిగాయి. 2024 ఏప్రిల్‌లో 1 టీబీ స్లిమ్ అదే పెరిగిన ధరకు వచ్చింది. పన్నులు రెండు వైపులా లాగాయి: 2018 బడ్జెట్‌లో వీడియో గేమ్ కన్సోళ్ల మీద కస్టమ్స్ సుంకం 10 నుంచి 20 శాతానికి పెరిగింది, ఆ డిసెంబరులో జీఎస్టీ మండలి 28 శాతాన్ని 18కి తగ్గించింది. నింటెండో ఇక్కడ అధికారికంగా అమ్మకపోవడంతో స్విచ్ కావాలంటే దిగుమతిదారుల దగ్గరే కొనాలి. వారంటీ దుకాణదారు మాటే.

ఆ ధరల్లో డిజిటల్ రకం పది వేలు చవకన్నది రాయచూరు, మాన్వి వంటి చోట ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిన సంగతి. 150 జీబీ గేమును సెకనుకు 40 మెగాబిట్ల లైను మీద దించాలంటే ఎక్కడా ఆగకపోయినా ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. మొదటి మోడల్‌లో ఆటలకు మిగిలే 667 జీబీలో అలాంటివి నాలుగే పడతాయి. అయిదోది కావాలంటే ఒకటి చెరిపి, మళ్లీ కావలసినప్పుడు మళ్లీ దించుకోవాలి. డిస్కుతో కొన్నా చాలా గేములను నిల్వలోకి ఎక్కించాల్సిందే, అయితే ఎక్కువ భాగం డిస్కు నుంచే వస్తుంది. పైగా 4,999 రూపాయలకు కొన్న డిస్కును ఆట అయిపోయాక సగం ధరకు అమ్మినా, నాలుగు గేములు తిరిగేసరికి ఆ పది వేలూ చేతికొస్తాయి.

2 టీబీ నిల్వతో, డిస్కు డ్రైవు లేకుండా 2024 నవంబరు 7న 699.99 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో ఆనాడు మన దేశంలో విడుదల కాలేదు. అడ్డుపడింది ధర కాదు, సుంకమూ కాదు. అందులోని కొత్త తరం వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పటికి ఇక్కడ అనుమతి లేకపోవడమే కారణమని సోనీ తెలిపింది. ఆ రేడియో లేని రకాన్ని భారత్ కోసం విడిగా తీసుకురాలేదు. వేరే రేడియో అంటే వేరే పరీక్షలు, వేరే మోడల్ నంబరు, వేరే స్టాకు. ఇక్కడ అమ్ముడయ్యే సంఖ్యకు ఆ ఖర్చు కిట్టదనే అనుకోవాలి. 6 గిగాహెర్ట్జ్ బ్యాండు కింది భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే ముసాయిదా నియమాలను టెలికాం శాఖ 2025 మేలో వెలువరించింది.